ఎనిమిది గంటల మాత్ర

మార్చి 4

పిన్నీ,

అంతా క్షేమం అని మొదలుపెడితే నువ్వు తర్వాతి లైను నమ్మవు. కాబట్టి ముందు విషయం రాస్తాను, క్షేమం సంగతి నువ్వే తేల్చుకో.

నాకు నెలసరి ఆగిపోయింది. పదకొండు నెలలైంది. డాక్టరమ్మ ఆరు వారాల తేడాతో రెండుసార్లు రక్తపరీక్ష చేయించింది. రెండుసార్లూ ఒకే ఫలితం. నలభై ఒకటికే మెనోపాజ్. "మీ వయసుకి ఇది తొందరమ్మా. ఊరికే వదిలేస్తే ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది" అని చెప్పి హార్మోన్ మందు రాసింది. ఒక ప్యాచ్, నడుం కింద అంటించుకోవాలి, వారానికి రెండుసార్లు మార్చాలి. ఒక క్యాప్సూల్, రోజూ పడుకునే ముందు. మామూలుగా ఆగే వయసు వచ్చేదాకా వాడాలట, అంటే ఇంకో పదేళ్లు. మొదటి మూడు నెలలు ఒళ్లు కొంత గోల చేస్తుందని, అప్పటికీ సర్దుకోకపోతే రమ్మని చెప్పింది.

ఈ నెల నాది రాత్రి డ్యూటీ. పొద్దున ఎనిమిది గంటల పరిశీలనతో పని అయిపోతుంది. రెయిన్‌గేజ్‌లో నీళ్లు కొలుస్తాను, తెల్లపెట్టె తెరిచి థర్మామీటర్లు చూస్తాను, రిజిస్టర్లో రాసి మూస్తాను, పది నిమిషాల్లో ఇంటికొచ్చి పడుకుంటాను. అందుకని క్యాప్సూల్‌కి ఎనిమిది గంటలు ఖాయం చేశాను. రిజిస్టరు మూయడం, మాత్ర మింగడం. మర్చిపోతానన్న బెంగ లేదు. ఈ కొండమీది వాతావరణ కేంద్రంలో చేరి పద్దెనిమిదేళ్లు, ఎనిమిది గంటల పరిశీలన ఒక్కటీ తప్పలేదు.

ఇక అసలు ప్రశ్న. "మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఇలా తొందరగా ఆగిందా?" అని డాక్టరమ్మ అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. అమ్మకి యాభై దాటాకే ఆగినట్టు గుర్తు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు. మిగిలింది నువ్వు. నీకెప్పుడు ఆగింది?

ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. ఫోన్లో చెప్పిన మాట మీద ముద్ర పడదంటావుగా.

బాబాయిని అడిగినట్టు చెప్పు. ఆ రేడియో ఇంకా విప్పే ఉందా, బిగించాడా?

నీ
అక్క కూతురు


మార్చి 11

మబ్బులమ్మకి,

ఉత్తరం అందింది. ఐదో రోజున రావాల్సింది ఆరో రోజున వచ్చింది. నేను రిటైరయ్యాక పోస్టాఫీసు సార్టింగ్ హాల్లో ఎవడు పడుకుంటున్నాడో ఏమో.

నీ సంగతి చదివి కాసేపు కుర్చీలో కూర్చున్నాను. కంగారు పడకు. ప్రాణం మీదికొచ్చిన పనేం కాదిది. మన వైపు ఎవరికీ ఇలా లేదు. నాకెప్పుడు ఆగిందంటావా, ఆ వయసుకే ఆగింది, అందరికీ ఆగినట్టే. అప్పట్లో వీటిని ఎవరు లెక్కపెట్టారు? ముప్పై ఐదేళ్లు నిలబడి ఊరందరి ఉత్తరాలూ విడగొట్టాను. ఏ డాక్టరూ నా నడుం మీద కాగితం ముక్క అంటించలేదు. మేమంతా మందుల్లేకుండానే గట్టెక్కాం. నీకు పడితే వాడు, పడకపోతే మానెయ్. ఆడదాని ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది.

పదేళ్లు వాడాలంటే నాకు మనసొప్పడం లేదు. పదేళ్లంటే మాటలా.

రేడియో బిగించాడు. మూడు మరలు మిగిలాయి. "అవి లేకపోయినా పాడుతోందిగా" అంటాడు. పాడుతోంది నిజమే, ఒకే స్టేషను.

మీ ఆయనకి, ఆ బస్సు డ్రైవరుగారికి, నా ఆశీస్సులు. మీ చిన్నదాన్ని నాకు రాయమను. పన్నెండేళ్లు వచ్చాయి, దాని చేతిరాత నేనింకా చూడలేదు.

పిన్ని


ఏప్రిల్ 6

పిన్నీ,

నెల రోజుల వాతావరణ నివేదిక పంపుతున్నాను. కేంద్రానిది కాదు, నాది.

ఒంట్లోంచి ఆవిర్లు రావడం తగ్గింది. మందుకి ముందు రోజుకి పదకొండు సార్లు, ఇప్పుడు మూడు. నిద్ర పడుతోంది. ఇంతవరకూ శుభవార్త. రొమ్ములు బరువెక్కి, చిన్నది వాటేసుకున్నా నొప్పి. పొట్ట ఉబ్బి, యూనిఫాం నడుం గుండీ పట్టడం లేదు. ప్యాచ్ తీసినచోట ఎర్రగా, నలుచదరంగా దద్దురు. అచ్చం పోస్టల్ స్టాంపులా ఉంటుంది. నువ్వు చూస్తే ముద్ర కొట్టేస్తావు. ఏడాదిగా లేని ఎరుపు రెండు రోజులు కనిపించి పోయింది. మొదటి నెలల్లో మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది, కాబట్టి భయపడలేదు. వికారం కొంత. తల తిరగడం చాలా.

ఒక నోటుపుస్తకం పెట్టాను. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఒంట్లో ఏం జరిగిందో రోజూ పొద్దున ఎనిమిదికి ఒక లైను రాస్తాను, వాన రాసినట్టే. "తలనొప్పి ఉంది. వికారం ఉంది. తల తిరగడం, రెండుసార్లు." మా ఆయన అది చదివి, "రేపు జల్లులు పడతాయా?" అన్నాడు. బస్సు డ్రైవరుకి ఇంతకన్నా హాస్యం ఎక్కడినుంచి వస్తుంది.

పోయిన నెలాఖరుతో రాత్రి డ్యూటీ అయిపోయింది. ఇప్పుడు పగలు, ఎనిమిది నుంచి నాలుగు దాకా. క్యాప్సూల్ మాత్రం ఠంచనుగా ఎనిమిదింటికే. మనిషి మారినా, డ్యూటీ మారినా పరిశీలన వేళ మారదు. మాకు నేర్పిన మొదటి పాఠం అది.

మొన్న రాత్రి మా ఆయన చలేస్తోందని కిటికీ మూశాడు. నాకేమైందో తెలీదు, మీద పడి అరిచాను. చిన్నది గుమ్మంలో నిలబడిపోయింది. తర్వాత నీ కిటికీ గుర్తొచ్చింది. నాకు పదిహేడేళ్లప్పుడు, మీ ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లిన ఆ నాలుగు నెలలు. కిటికీ మూశానని నువ్వన్న మాటలు, మర్నాడు నేను హాస్టల్‌కి పెట్టె సర్దుకోవడం. మనం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఎందుకో అడగాలనిపించింది.

చిన్నది విడిగా ఒక పేజీ రాసింది, ఇందులో పెట్టాను. అక్షరదోషాలు దిద్దకు, ఏడుస్తుంది.

నీ
మబ్బులమ్మ


ఏప్రిల్ 13

మబ్బులమ్మకి,

చిన్నదాని ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గుండ్రంగా, నీ చిన్నప్పటి రాతే. దోషాలు పదమూడు. దిద్దలేదు, లెక్కపెట్టానంతే.

నీ నివేదిక చదివాను. ఒక మాట చెబుతాను, ఏమనుకోకు. నీ పుస్తకంలో తేదీ ముద్ర ఉంది, వేళ ముద్ర లేదు. మా హాల్లో ప్రతి కవరు మీదా తేదీతోపాటు గంట కూడా పడేది. ఉత్తరం ఆలస్యమైందని ఎవరైనా కొట్లాటకొస్తే, గంటలు చూసి ఏ బల్ల దగ్గర ఆగిందో చెప్పేదాన్ని. "నిన్న తల తిరిగింది" అంటే ఏం తెలుస్తుంది? ఎన్నింటికి తిరిగింది? ఏం తిన్నాక, ఏం మింగాక? ఇరవై నాలుగు గంటలూ ఒకే సంచిలో పోసి మూతి కట్టావు. వానకి అది చెల్లుతుందేమో, మనిషికి చెల్లదు. జరిగినప్పుడల్లా గంట రాయి.

అంత బాధగా ఉంటే మానెయ్యమని మళ్లీ చెబుతున్నాను. నీ ఉద్యోగం తల తిరుగుతూ చేసేది కాదు.

మీ బాబాయి ఇప్పుడు గోడగడియారం దించాడు. నాకు భయమేస్తోంది.

పిన్ని


ఏప్రిల్ 29

పిన్నీ,

కిటికీ సంగతికి నువ్వు జవాబు రాయలేదు. సరే, వదిలేస్తున్నాను.

నావల్ల ఒక తప్పు జరిగింది. ఇంట్లోవాళ్లకన్నా నీకే ముందు చెబుతున్నాను.

ఇరవై నాలుగో తేదీ పదకొండు గంటల పరిశీలనకి తెల్లపెట్టె దాకా నడిచాను. తల తిరిగి దాని మెట్టు మీద కూర్చున్నాను. లేచేసరికి పదకొండూ ఇరవై. పెట్టె తలుపు తెరవలేదు. లోపలికొచ్చి రిజిస్టర్లో ఇరవై ఏడు పాయింటు నాలుగు అని రాశాను. ఆ వారమంతా పదకొండింటికి ఇంచుమించు అంతే ఉంది, అదీ కారణం. చూడని అంకె రాశాను పిన్నీ. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి.

నలభై నిమిషాలు టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత వెళ్లి దాన్ని కొట్టేశాను. మా దగ్గర తప్పు చెరపరు. రబ్బరు వాడరు, తెల్లరంగు పూయరు. ఒకే గీత, కింది అంకె చదవడానికి వీలుగా. పైన సరైనది రాసి పక్కన సంతకం. నా దగ్గర సరైన అంకె లేదు. "పరిశీలన జరగలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇన్‌చార్జిగారి దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

ఆయన చాలాసేపు ఆ గడినే చూశారు. "ఖాళీ లేని పుస్తకం తల్లీ నీది. ఏమైంది?" అన్నారు.

"ఒక మందు వాడుతున్నాను సార్. పడటం లేదు."

"జబ్బుకన్నా మందే ఎక్కువైనట్టుందే! ఇంకోసారి ఇలాగైతే నేను పైకి రాయక తప్పదు. అప్పుడు నిన్ను ఫైళ్ల గదిలో కూర్చోబెడతారు. అది నాకూ ఇష్టం లేదు."

ఫైళ్ల గదికి కిటికీ కూడా లేదు. మబ్బు మొహం చూడకుండా నేను ఏం ఉద్యోగం చెయ్యను?

నువ్వు చెప్పినప్పటినుంచి గంటలు రాస్తున్నాను, వారమైంది. అవి కూడి చూసే ఓపిక లేదు. మూడు నెలల గడువుకి ఇంకా నెలకి పైనే ఉంది. అంతవరకు ఆగలేను. నువ్వు రెండుసార్లు చెప్పావు. మీరంతా మందుల్లేకుండా గట్టెక్కారు, నేనూ గట్టెక్కుతాను. ఒకటో తేదీ నుంచి ప్యాచ్, క్యాప్సూల్ రెండూ ఆపేస్తున్నాను.

నీ
మబ్బులమ్మ


మే 8

మబ్బులమ్మా,

మందు ఆపకు. ఆపేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లు. నేను ముందు రాసింది వినకు.

కారణం తర్వాత రాస్తాను.

పిన్ని


మే 16

పిన్నీ,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనొచ్చో లేదో తెలీదు. నాలుగు వాక్యాలు.

నేను చూసింది చూసినట్టు రాస్తాను. అక్షరాలు ఎడమకి వాలాయి, నీవి ఎప్పుడూ నిట్టనిలువు. లైన్లు కిందికి జారాయి. కవరుకి జిగురు లేదు, టేపు వేశావు. స్టాంపు వంకరగా ఉంది. వంకర స్టాంపు ఉన్న కవరు చూస్తే ఒకప్పుడు నువ్వు మనిషిని తిట్టినట్టు తిట్టేదానివి. చిన్నదాని గురించి ఒక్క ముక్క లేదు. బాబాయి గడియారం గురించీ లేదు.

రెండుసార్లు ఫోన్ చేశాను. పదకొండో తేదీ మధ్యాహ్నం మూడింటికి బాబాయి తీశాడు. "మీ పిన్ని స్నానం చేస్తోందమ్మా" అన్నాడు. పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరింటికి మళ్లీ చేశాను. మళ్లీ స్నానమే. అంత స్నానం నీళ్లలో పుట్టిన చేప కూడా చెయ్యదు.

ఇవన్నీ కలిపితే నాకు ఒకటే తోస్తోంది. నీకు నా మీద కోపం. తప్పు అంకె రాశాననా? లేక నీ మాట పట్టుకుని మందు ఆపేశాను, రేపు ఏమైనా అయితే నింద నీ మీదికి వస్తుందనా? మొదట మానెయ్యమన్నావు. మానేశాక మానొద్దంటున్నావు. నన్నెటు నడవమంటావు?

మందు ఆపి పదహారు రోజులైంది. తల తిరగడం ఆగింది. ఒక్క పరిశీలనా తప్పలేదు. ఆవిర్లు మళ్లీ తొమ్మిదికి వచ్చాయి. నిన్న పొద్దున్నే బస్టాపులో స్వెట్టరు విప్పి, వేసుకుని, మళ్లీ విప్పాను. పక్కనున్న పెద్దాయన "ఏదో ఒకటి తేల్చుకోమ్మా" అన్నాడు.

పదిహేడేళ్లప్పుడు కూడా నువ్వు కారణం చెప్పలేదు. అప్పుడు పెట్టె సర్దుకున్నాను. ఇప్పుడు సర్దుకోవడానికి పెట్టె లేదు, అందుకే అడుగుతున్నాను. కారణం రాయి.

నీ అక్క కూతురు


మే 22 నుంచి 26 వరకు

మబ్బులమ్మా,

పైన ఐదు రోజులు ఎందుకున్నాయో మొదట చెబుతాను. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. రోజుకి ఇరవై లైన్లకన్నా సాగడం లేదు.

కొలతలన్నీ సరిగ్గా తీశావు, అంచనా తప్పింది. కోపం కాదు. కుడి మణికట్టు విరిగింది. మే రెండో తేదీన బస్సు దిగుతుంటే ఆఖరి మెట్టు తప్పింది. పెద్దగా పడలేదు కూడా. చెయ్యి ఆనించానంతే. రెండు చోట్ల విరిగింది. నీ ఏప్రిల్ ఆఖరి ఉత్తరం వచ్చేసరికి చెయ్యి కట్టులో ఉంది. ఆ నాలుగు వాక్యాలకి నాకు పొద్దంతా పట్టింది. స్టాంపు మీ బాబాయి అంటించాడు. స్నానాలు కూడా ఆయన కల్పనే. నీకు తెలియనివ్వొద్దని చెప్పాను, అబద్ధం మాత్రం సొంతంగా వెతుక్కోమన్నాను. ఆయన తెలివి అంతవరకే.

*

ఆస్పత్రిలో డాక్టరు నా కంటే నలభై ఏళ్లు చిన్నదిలా ఉంది. ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "ఇంత చిన్న దెబ్బకి ఇంత విరగకూడదే" అంది. ఇంకో యంత్రం మీద పడుకోబెట్టి ఎముకలు కొలిచారు. నాకు అరవై మూడు. నా ఎముకలకి ఎనభై దాటాయట. వెన్నులో ఒక పూస ఎప్పుడో నలిగి ఉందట. నడుం నొప్పి నిలబడి చేసే పనివల్ల అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

అప్పుడా పిల్ల అడిగింది. "నెలసరి ఎన్నో ఏట ఆగిందమ్మా?"

మీ బాబాయి నా పక్కనే సంచి పట్టుకుని నిలబడ్డాడు.

"ముప్పై తొమ్మిది" అన్నాను.

ఇరవై నాలుగేళ్లలో ఆ అంకె పైకి అనడం అదే మొదటిసారి. ఆయన బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ జవాబు ముందు నీకు చెబుతాను.

*

పెళ్లయి పదహారేళ్లైనా పిల్లలు లేరని అప్పటికే తలొక మాటా అనేవాళ్లు. ఇంకా ఆశ ఉందని మీ బాబాయి అనుకునేవాడు. ఇక లేదని నాకు తెలిసిపోయింది. ఒక డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లాను. "వయసుకి ముందే ఆగింది, మందుంది" అన్నాడు. మందు వాడితే ఇంట్లో సీసా కనబడుతుంది. కనబడితే చెప్పాలి. చెబితే ఆయన ఆశ పోతుంది, జనం నోటికి ఇంకో ముక్క దొరుకుతుంది. కాగితం మడిచి సార్టింగ్ బల్ల కింద అరలో పెట్టాను. అడ్రసు లేని ఉత్తరాలు పెట్టే అర. నేను రిటైరైన రోజున కూడా అది అక్కడే ఉంది.

మీ అమ్మకి కూడా చెప్పలేదు. తను అడిగింది. పని ఎక్కువైందన్నాను.

*

ఆ ఏడాదే నువ్వు మా ఇంటికొచ్చావు. ఒళ్లంతా నిప్పుల కుంపటి. ఆ గదికి ఒకటే కిటికీ, దాని గాలితో బతికేదాన్ని. నువ్వు పరీక్షకి చదువుకుంటూ చలేసి మూశావు. నేనేమన్నానో నాకూ గుర్తుంది. "నా ఇంట్లో నా కిటికీ మూయడానికి నువ్వెవరు" అన్నాను. నువ్వెవరో నాకు తెలుసు. నాకు లేని కూతురివి. మర్నాడు నువ్వు పెట్టె సర్దుతుంటే ఆపడానికి ఒక కారణం చెప్పాలి. నా దగ్గరున్న ఒకే ఒక్క కారణం చెప్పగలిగేది కాదు.

నువ్వు వెళ్లాక ఆ కిటికీ నేనే మూశాను. రెండు రోజులు తెరవలేదు.

*

ఇప్పుడు పని సంగతి. నువ్వు మార్చిలో అడిగినప్పుడే చెప్పాల్సింది. ప్రశ్న సూటిగా వేశావు, డాక్టరు కోసం వేశావు. నేను దాటేశాను. దాటేసి ఊరుకున్నానా, మందుల్లేకుండా గట్టెక్కానని గొప్ప కూడా చెప్పుకున్నాను. గట్టెక్కలేదు. ఎముకల్లో గట్టు కరిగిపోతుంటే తెలియకుండా నడిచాను, అంతే. చూడని అంకె నువ్వు రాసి నలభై నిమిషాల్లో దిద్దుకున్నావు. చూసిన అంకె నేను దాచి ఇరవై నాలుగేళ్లు కూర్చున్నాను.

మీ ఆఫీసు పద్ధతి నాకు నచ్చింది. నా మార్చి పదకొండు ఉత్తరం తియ్యి. రెండో పేరాలో "మన వైపు ఎవరికీ ఇలా లేదు" అన్నచోట, "మందుల్లేకుండానే గట్టెక్కాం" అన్నచోట ఒక్కొక్క గీత కొట్టు. కింద చదవగలిగేలా ఉండాలి, నేను రాశానన్నది పోకూడదు. పైన సరైనది రాయి. పిన్నికి, ముప్పై తొమ్మిదికి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. గంటలు రాసిన పుస్తకం పట్టుకెళ్లు. మందు పడకపోతే మార్చమను, తగ్గించమను, ఆమె ఏం చెబితే అది చెయ్యి. నీ అంతట నువ్వు ఆపకు, నా అంతట నేను ఆపమనను.

చెయ్యి లాగుతోంది. గడియారం తిరుగుతోంది, కానీ పదింటికి పదకొండు కొడుతుంది.

పిన్ని


జూన్ 12

పిన్నీ,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. పెట్టె మెట్ల మీద కాదు, మా ఇంటి మెట్ల మీద. లోపలికి రమ్మని మా ఆయన రెండుసార్లు పిలిచి, మూడోసారి మానేసి పక్కన కూర్చున్నాడు. ఆయనకి చదివి వినిపించాను. నువ్వు కోప్పడతావని తెలుసు. ఇంట్లో దాచే పని ఇక ఒద్దు.

మర్నాడే సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మొదట నీ ముప్పై తొమ్మిది చెప్పాను. ఫైల్లో రాసుకుంది. తర్వాత మందు ఆపిన సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "ఎందుకు ఆపారు?" అంది. గంటల పుస్తకం ముందు పెట్టాను. పది రోజుల లెక్క. నేను కూడి చూడనిది ఆవిడ నిమిషంలో చూసింది. వరసనే వేలు పెట్టి చూపించింది. పదీ ముప్పావు, పదిన్నర, పదకొండు, పదీ నలభై. తల తిరిగిన ప్రతిసారీ పది, పదకొండు మధ్యే.

"క్యాప్సూల్ ఎన్నింటికి వేసుకుంటున్నారు?"

"ఎనిమిదింటికి."

"రాత్రి ఎనిమిదికా?"

"పొద్దున."

ఆవిడ కలం కింద పెట్టింది. "పడుకునే ముందు అని రాశాను కదమ్మా!"

"అప్పుడు ఎనిమిదింటికే పడుకునేదాన్ని."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కుతాను."

ఆవిడ నవ్వింది, నాకూ ఆగలేదు. ఆ క్యాప్సూల్ స్వభావమే మత్తు, తల తిరగడం అట. అందుకే పడుకునే ముందు అంటారు. నిద్రమాత్ర మింగి కాపలాకి నిలబడినట్టు చేశాను. డ్యూటీ మారినా పరిశీలన వేళ మారదన్న పాఠం బాగానే వంటబట్టింది, నా నిద్ర మాత్రం పరిశీలన కాదని తట్టలేదు. నువ్వు వేళ ముద్ర అడగకపోతే ఇప్పటికీ తేలేది కాదు.

మళ్లీ మొదలుపెట్టాను. ప్యాచ్ ఒక మెట్టు తగ్గించింది. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు, అదే చోట వెంటనే అంటించొద్దంది. స్టాంపు దద్దురు తగ్గుముఖం పట్టింది. క్యాప్సూల్ రాత్రి పదింటికి, దీపం ఆర్పేముందు. డ్యూటీ మారిన రోజున వేళ ఎలా మార్చాలో కూడా ఈసారి అడిగి రాయించుకున్నాను. అన్నీ పోలేదు. రొమ్ముల్లో నొప్పి ఉంది, పొట్ట ఉబ్బే ఉంది, గుండీ పట్టదు. ఎరుపు మళ్లీ కనబడితే వచ్చి చూపించమంది. కానీ పదకొండు గంటల పరిశీలన పన్నెండు రోజులుగా నా కళ్లతోనే జరుగుతోంది. ఇన్‌చార్జిగారు రిజిస్టరు తిరగేసి, బంట్రోతుని పిలిచి నాకూ ఒక టీ తెమ్మన్నారు. ఆయన దగ్గర అది పెద్ద మాట.

నా ఎముకలు కూడా కొలిచారు. కాస్త పలచబడ్డాయి, విరిగే దశ కాదు. సరైన సమయానికే వచ్చారంది. నీ మణికట్టు వల్ల వచ్చానని చెప్పాను. "ఆవిడ ఎముకలకి మందు మొదలుపెట్టారా?" అని అడిగింది. పెట్టారా? రాయి. ఇది దాటేసే ప్రశ్న కాదు.

కిటికీ గురించి నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. పదిహేడేళ్ల పిల్లకి నువ్వు చెప్పి ఉంటే అర్థమయ్యేదా అని ఆలోచించాను. అర్థమయ్యేది కాదేమో. కానీ కిటికీ తెరిచి ఉంచి, దుప్పటి కప్పుకుని చదువుకునేదాన్ని. అంతకన్నా పెద్ద చిక్కేం లేదు అందులో.

చిన్నదానికి చెప్పాను, దాని వయసుకి తగినంత. "నాక్కూడా అవుతుందా?" అంది. కావొచ్చు, కాకపోవచ్చు, అయితే అడగడానికి ఇద్దరం ఉన్నాం అన్నాను. కాస్త ఆలోచించి, "చిన్నమ్మమ్మ దోషాలు లెక్కపెట్టిందా?" అంది. పదమూడన్నాను. అలిగింది. వచ్చే నెల పదో తేదీన సెలవు దొరికింది, దాన్ని తీసుకుని వస్తున్నాను. ఆ అలక నువ్వే తీర్చు. బాబాయి ఈలోగా ఇంకేమీ విప్పకుండా చూడు.

నీ మార్చి పదకొండు ఉత్తరం ఇందులో పెట్టాను. నువ్వు చెప్పిన రెండుచోట్లా ఒక్కొక్క గీత కొట్టాను. కింద అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. పైన "పిన్నికి, ముప్పై తొమ్మిదికి" అని రాశాను. రెండో చోట ఏం రాయాలో నువ్వు చెప్పలేదు. "విడిగా గట్టెక్కలేం" అని రాశాను, బాగోలేకపోతే దానిమీదా ఒక గీత కొట్టు.

సంతకం నేను పెట్టలేదు. తప్పు రాసినవాళ్లే పెట్టాలి, అది నియమం. పక్కన చోటు వదిలాను. ఏ చేత్తో పెట్టినా చెల్లుతుంది.

నీ
మబ్బులమ్మ